ఎనిమిదో నవల మీద తగవు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

జె.కె. రౌలింగ్ రాబర్ట్ గాల్‌బ్రెయిత్ అనే కలం పేరుతో రాస్తున్న డిటెక్టివ్ నవలల వరుసలో ఎనిమిదోదైన ‘ది హాల్‌మార్క్‌డ్ మ్యాన్’ 2025 సెప్టెంబరులో వెలువడింది. అఫ్ఘనిస్థాన్‌లో కాలు పోగొట్టుకుని సైన్యం వదిలిన కార్మొరన్ స్ట్రైక్, అతని ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగినిగా చేరి క్రమంగా భాగస్వామి అయిన రాబిన్ ఎల్లకాట్ మన పాఠకులలో చాలామందికి కొత్తవాళ్ళు కారు. ఈ పుస్తకం గురించి నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలలో ఒకదానికొకటి పొసగనివే ఎక్కువ. ఒకరు కళ్ళకద్దుకుంటే మరొకరు కట్ట కట్టి అటక మీద పడేశామన్నారు. వాటిలో కొన్నిటిని కుదించి, ఊరి పేరు మాత్రమే ఉంచి ఇక్కడ ఇస్తున్నాం. హంతకుడెవరో, చివరి అధ్యాయంలో ఏమి జరిగిందో ఏ జవాబులోనూ బయటపెట్టం కనుక చదవనివారు కూడా నిశ్చింతగా చదువుకోవచ్చు.

ప్రశ్న: అయ్యా, నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మొదటి ఏడు నవలలూ ఇష్టంగా చదివాను. ఎనిమిదోది దాదాపు 900 పేజీలు. సగానికి వచ్చేసరికి ఎవరు ఎవరి తమ్ముడో, ఎవరికి ఎవరితో పగ ఉందో కాగితం మీద రాసుకుంటే తప్ప ముందుకు సాగలేదు. వయసు మీద పడి నా జ్ఞాపకశక్తి తగ్గిందా, లేక లోపం నవలలోనే ఉందా? (మూలాపేట, నెల్లూరు)

జవాబు: మాష్టారూ, మీ జ్ఞాపకశక్తిని అనుమానించవలసిన పని లేదు. అలాగని తప్పంతా పేజీల సంఖ్య మీద వేయడం కూడా సబబు కాదు. ఇదే వరుసలో 2020లో వచ్చిన అయిదో నవల ‘ట్రబుల్డ్ బ్లడ్’ కూడా 900 పేజీలు దాటినదే. అయినా ఈ ఎనిమిదింటిలో ఏది మేలైనదని అడిగితే ఆ నవల పేరే చెప్పేవారు చాలామంది. మీకూ అది నచ్చే ఉంటుంది. ఆ నవలలో ప్రశ్న ఒక్కటే: 1974లో ఒక సాయంత్రం క్లినిక్ నుంచి బయటికి నడిచిన వైద్యురాలు ఏమైంది? దాదాపు నలభై ఏళ్ళ తరువాత ఆ ప్రశ్నను తలకెత్తుకున్న స్ట్రైక్, రాబిన్ ఎంతమంది ముసలివాళ్ళను కలిసినా, ఎన్ని ఊళ్ళు తిరిగినా, ప్రతి మనిషీ ఆ వైద్యురాలి గురించి మనకింకా తెలియని ఒక ముక్క చెప్పిపోతాడు. పాత్రలు పదులకొద్దీ ఉన్నా అందరి చూపూ ఒకే ఖాళీ కుర్చీ మీద ఉంటుంది.

ఎనిమిదో నవలలో పరిస్థితి తలకిందులైంది. లండన్‌లో వెండి సామాను అమ్మే ఒక దుకాణపు నేలమాళిగలో గుర్తుపట్టడానికి వీల్లేని స్థితిలో ఒక శవం దొరుకుతుంది. అది ఫలానా దొంగదని పోలీసులంటారు. కాదు, తన బిడ్డకు తండ్రి అయిన మనిషిదేనని ఒక స్త్రీ వచ్చి స్ట్రైక్‌ను ఆశ్రయిస్తుంది. అక్కడి నుంచి ఆ శవం కావడానికి వీలున్న మగవాళ్ళు ఒక్కొక్కరే పెరుగుతారు. ఒక్కొక్కరికీ ఒక ఊరు, ఒక కుటుంబం, ఒక గతం ఉంటాయి. వాటన్నిటినీ గుర్తుపెట్టుకోవలసిన భారం పాఠకుడిదే. చనిపోయినవాడు ఎవరో తెలియనప్పుడు ఎవరి కోసం దుఃఖించాలో కూడా తెలియదు; ఆ దుఃఖం లేకపోబట్టే మీకు పేజీలు బరువయ్యాయి. రచయిత్రి తెలిసే ఈ సాహసం చేశారని నా నమ్మకం. వెండి వస్తువుల మీది ముద్రలు, ఫ్రీమేసన్లు అనే రహస్య సోదర సంఘం వారి సరంజామా, ఆ దుకాణపు వాతావరణం వర్ణించిన తొలి అధ్యాయాలలో చెయ్యి తిరిగినతనం కనిపిస్తూనే ఉంది. కాని పన్నిన చిక్కుముడికి తగినంత నెత్తురు, కన్నీరు అందలేదన్నది నా అభిప్రాయం. మీరు కాగితం మీద పేర్లు రాసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. ఇంత పెద్ద డిటెక్టివ్ నవలను కుర్రవాళ్ళు కూడా అలాగే చదువుతున్నారు.

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఒంగోలు నుంచి విజయవాడకు పినాకినిలో తిరుగుతూ ఎనిమిది నవలలూ ఒకే ఏడాదిలో వరుసగా చదివాను. ఎనిమిదోది నాకు చాలా నచ్చింది. మా పుస్తకాల బృందంలో ఆ మాట అనగానే అందరూ పెదవి విరిచి, ఏమీ తెలియనిదానిలా నా వంక చూశారు. నా అభిరుచిలోనే లోపముందంటారా? (లాయరుపేట, ఒంగోలు)

జవాబు: లోపం లేదమ్మా. మీ బృందం చదివిన పుస్తకమూ మీరు చదివిన పుస్తకమూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయినా, చదివిన తీరు వేరు. ఏడో నవల 2023 సెప్టెంబరులో వచ్చింది. స్ట్రైక్‌కూ రాబిన్‌కూ మధ్య ఏళ్ళుగా నానుతున్న విషయం దాని చివరి పేజీలలో తేలీ తేలకుండానే ఆగింది. మీ బృందంలోని వారు ఆ చివరి పేజీ మూసి, రెండేళ్ళ పాటు తరువాత ఏమవుతుందోనని మనసులో తమ సొంత ఎనిమిదో నవలను రాసుకుంటూ కూర్చున్నారు. మీరు మాత్రం ఏడోది మూసిన స్టేషనులోనే ఎనిమిదోది తెరిచి ఉంటారు. ఎదురుచూసిన వారికి నవల నెమ్మదిగా నడిచినట్టు తోచడం, ఎదురుచూడని వారికి అదే నడక హాయిగా ఉండడం సహజమే. నాకు వచ్చిన ఉత్తరాలను ఈ దృష్టితో వేరు చేసి చూశాను. మెచ్చుకున్నవారిలో ఎక్కువమంది వరుసగా చదివినవారు, నొచ్చుకున్నవారిలో ఎక్కువమంది 2013 నుంచి ఒక్కొక్కటిగా కొనుక్కుంటూ వచ్చినవారు. దీన్ని పట్టుకుని సిద్ధాంతం చేయబోను గాని, ఇందులో కొంత నిజం ఉంది.

ఇదే రచయిత్రికి ఈ అనుభవం కొత్త కాదు. హ్యారీ పోటర్ నాలుగో నవల 2000లో, అయిదోది 2003లో వచ్చాయి. మూడేళ్ళు ఆగి ఆగి తెరిచిన పిల్లలకు 766 పేజీల పొడవునా కసురుకుంటూ, అరుస్తూ ఉండే పదిహేనేళ్ళ హ్యారీ ఎదురయ్యాడు. ‘వీడేమిటి ఇలా తయారయ్యాడు’ అని అప్పట్లో ఎంతోమంది విసుక్కున్నారు. ఇప్పుడు వేసవి సెలవుల్లో ఏడింటినీ ఒక్క ఊపున చదివేసే పిల్లలకు ఆ కోపం పెద్దగా అడ్డు రావడం లేదు. వయసొచ్చిన పిల్లవాడు అలాగే ఉంటాడులే అని పేజీ తిప్పేస్తున్నారు.

మీ బృందంలో ఎవరైనా ‘పేరు చూసి మెచ్చుకుంటున్నావు’ అంటే ఒక సంగతి గుర్తు చేయండి. 2013లో మొదటి నవల వచ్చినప్పుడు రాసింది రౌలింగ్ అని లోకానికి తెలియదు. ఆ ఏడాది జూలైలో ఒక ఇంగ్లీషు పత్రిక గుట్టు విప్పేదాకా అది ఎవరో కొత్త రచయిత పుస్తకంగానే చెలామణి అయింది. అప్పటికే మంచి సమీక్షలు కూడా వచ్చాయి.

ప్రశ్న: ఎనిమిది సంపుటాలు గడిచినా ఆ ఇద్దరినీ కలపకుండా ఊరిస్తున్నారు. మన టీవీ సీరియళ్ళకూ దీనికీ తేడా ఏముంది? ఇది డబ్బు కోసం చేస్తున్న సాగదీత కాదా? (కావలి)

జవాబు: సాగదీత ఉంది, ఒప్పుకుంటాను. రాబిన్ జీవితంలో పోలీసు అధికారి ఒకరుండడం, స్ట్రైక్ చెప్పదలుచుకున్న మాట చెప్పబోయిన ప్రతిసారీ ఫోనో, మనిషో, ప్రమాదమో అడ్డు రావడం ఈ నవలలో విసుగు పుట్టించే స్థాయికి చేరాయి. ఒకటి రెండు అడ్డంకులను విధి అనుకోవచ్చు. పదో అడ్డంకికి రచయిత్రి చెయ్యి కనబడుతుంది. ఇక డబ్బు కోసమన్న ఆరోపణ నిలవదు. హ్యారీ పోటర్ రాసిన మనిషికి డబ్బు కోసం సాగదీయవలసిన అవసరమేముంది?

అసలు చిక్కు మరోచోట ఉంది. ఈ వరుసలోని ప్రతి పుస్తకంలోనూ రెండు కథలుంటాయి. హత్య కథ ఆ పుస్తకంతోనే ముగిసిపోతుంది. ఇద్దరి కథ మాత్రం సశేషం. హత్య కోసం వచ్చినవారు ఇద్దరి కథను అనవసరపు పిడకల వేటగా చూస్తారు; ఆ ఇద్దరి కోసం వచ్చినవారు హత్య వివరాలను గబగబా తిప్పేస్తారు. ఈ రెండు రకాల పాఠకులనూ ఒకేసారి మెప్పించిన సంపుటాన్ని అందరూ మెచ్చుకుంటారు, ఒక పక్క మొగ్గినదాన్ని సగంమంది తిడతారు. ఆ జంటను కలిపేస్తే మాత్రం అందరూ సంతోషిస్తారన్న భరోసా ఏముంది? బెంగాలీలో శరదిందు బందోపాధ్యాయ 1932లో బ్యోమ్‌కేశ్ బక్షి అనే డిటెక్టివ్‌ను సృష్టించి, కొన్ని కథలు కాగానే పెళ్ళి చేసేసి, ఆపైన చాలా ఏళ్ళు ఆ పాత్ర జోలికి పోలేదు. పాఠకుల కోరిక మీద 1950లలో మళ్ళీ కలం పట్టి సంసారిగానే నడిపించి నెగ్గుకొచ్చారు. అటువంటి నేర్పు అందరికీ ఉండదు.

ముగించినా తిప్పలే. కోనన్ డాయిల్ విసుగెత్తి 1893లో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలోకి తోసేస్తే పాఠకులు ఆయన మీద విరుచుకుపడ్డారు. 1903లో బతికించి తీసుకువస్తే అందరూ పండుగ చేసుకున్నారా అంటే అదీ లేదు. కార్న్‌వాల్‌కు చెందిన ఒక పడవవాడు ‘ఆ కొండ మీంచి పడ్డప్పుడు చావలేదేమో గాని, ఆ తరువాత ఆయన మునుపటి మనిషి మాత్రం కాడు’ అనే అర్థంలో తనతో అన్న మాటను డాయిలే చెప్పుకున్నారు. రచయిత తన మీద వచ్చిన విమర్శను అంత సరదాగా అందరితో పంచుకోవడం అరుదు.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థిని. మొదటి ఏడూ చదవకుండా నేరుగా ఎనిమిదోది చదవవచ్చా? (కందుకూరు)

జవాబు: చదవకండి. హత్య కథ అర్థమవుతుంది గాని మిగతా సగం ఊరివాళ్ళ పెళ్ళిలో పరాయివాడు కూర్చున్నట్టు ఉంటుంది. 2013లో వచ్చిన మొదటిది ‘ది కుకూస్ కాలింగ్’ ఈ వరుసలోని చిన్నవాటిలో ఒకటి, దానితో మొదలుపెట్టండి. నచ్చకపోతే అక్కడే ఆపేయవచ్చు, డబ్బూ కలిసొస్తుంది.

ప్రశ్న: అభిమానులను ఇంత నిరాశపరిచాక, మిగిలిన నవలలను మరొక సమర్థుడైన రచయితకు అప్పగిస్తే మంచిది కదా? ఒకరు మొదలుపెట్టిన వరుసను మరొకరు పూర్తి చేసి మెప్పు పొందిన సందర్భాలున్నాయా? (అద్దంకి)

జవాబు: బతికి ఉండి రాస్తున్న మనిషి చేతిలోంచి కలం లాక్కోవాలనడం నాకు రుచించలేదు. రెండో ప్రశ్నకు మాత్రం వివరంగా జవాబు చెబుతాను, ఎందుకంటే దీన్ని అద్దంకి నుంచి అడిగారు.

తెలుగులో వరుస రచనలన్నిటికీ పెద్దన్న మహాభారతం. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ ఆది, సభా పర్వాలు పూర్తి చేసి అరణ్యపర్వం నడుమ ఆగిపోయారు. రెండు వందల ఏళ్ళ తరువాత నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన ఆ మిగిలిన అరణ్యాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకుని పదిహేను పర్వాలూ రాసి హరిహరనాథుడికి అంకితమిచ్చారు. అరణ్యపర్వం జోలికి పోతే కీడు జరుగుతుందన్న భయం అప్పట్లో ఉండేదని చెప్పుకుంటారు. కారణమేదైనా, తిక్కన నన్నయలాగా రాయాలని పట్టుబట్టలేదు. పాత్రల చేత మాట్లాడించి, నాటకంలాగా నడిపించి, తెలుగు పలుకుబడిని ముందుకు తెచ్చారు. నన్నయ ధోరణికి అలవాటుపడిన చెవికి అది కొత్తగానే వినిపించి ఉంటుంది.

మధ్యలో మిగిలిపోయిన ఖాళీని 14వ శతాబ్దంలో పూరించినది మీ అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎఱ్ఱన. ఆయన పని తిక్కన పనికంటే ఇరుకైనది. అటు చివర నన్నయ, ఇటు మొదట తిక్కన, ఇద్దరూ రాసేసి కూర్చున్నారు. మధ్యలో తాను ఎటు మొగ్గినా అతుకు కనబడుతుంది. నన్నయ చివరి పద్యం శరత్కాలపు రాత్రులను వర్ణిస్తే ఎఱ్ఱన తన మొదటి పద్యాన్ని అదే శరత్తులోని ఉదయకాంతితో ఎత్తుకున్నారు. మొదట్లో నన్నయ శైలికి దగ్గరగా నడిచి, పోనుపోనూ తిక్కన వైపు జరిగారని పండితులు చూపిస్తారు. అన్నిటికంటే గొప్ప సంగతి, ఆ భాగాన్ని తన రాజుకు గాని, తన దైవానికి గాని అంకితమివ్వకుండా, నన్నయ రచనగానే రాజరాజనరేంద్రుడి పేరిట నడిపారు. తన పేరు వేసుకోవడానికి ఆయనకు వేరే కావ్యాలున్నాయి, ఇక్కడ మాత్రం తప్పుకున్నారు.

ఇంగ్లీషులో ఇటువంటి పనికి దగ్గరగా వచ్చినది ‘ది వీల్ ఆఫ్ టైమ్’ అనే పెద్ద వరుస. రాబర్ట్ జోర్డన్ 2007లో చనిపోయాక, ఆయన సంపాదకురాలు కూడా అయిన భార్య ఎంచుకున్న బ్రాండన్ శాండర్సన్, జోర్డన్ వదిలిపోయిన గమనికల ఆధారంగా, ఒక్క పుస్తకం అనుకున్నదాన్ని మూడుగా 2013 నాటికి పూర్తి చేశారు. శైలి మారిందని కొందరు సణిగినా, మొత్తం మీద అభిమానులు కృతజ్ఞతతోనే స్వీకరించారు. స్వీడన్‌కు చెందిన స్టీగ్ లార్సన్ నవలల విషయంలో అలా జరగలేదు. ఆయన 2004లో మరణించాక ఆయన రాసి ఉంచిన మూడు నవలలు వెలువడ్డాయి. 2015లో డేవిడ్ లాగర్‌క్రాన్స్ నాలుగోది రాసినప్పుడు, లార్సన్‌తో ఏళ్ళ తరబడి కలిసి జీవించిన స్త్రీయే దాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. పుస్తకాలు అమ్ముడుపోయాయి, వివాదం మిగిలిపోయింది. జోర్డన్ కథ అప్పటికి ముగింపు కోసం ఎదురుచూస్తూ ఉంది, లార్సన్ మూడో నవలకే పాఠకులు తృప్తిగా లేచి వెళ్ళవచ్చు. ఖాళీ ఉన్నచోట వచ్చినవాడికి, ఖాళీ లేనిచోట వచ్చినవాడికి మర్యాదలో ఆ మాత్రం తేడా ఉంటుంది.

ప్రశ్న: మా మరిది నాకంటే ముందు చదివేసి, భోజనాల దగ్గర ముగింపు మొత్తం చెప్పేశాడు. ఇక నేను చదవడం దండగే కదా? (గూడూరు)

జవాబు: ఈ పుస్తకానికి సంబంధించినంతవరకు ఆయన మీకు మేలే చేశారేమో. శవం ఎవరిదో ముందే తెలిస్తే మొదటి ఉత్తరం రాసిన మాష్టారు పడ్డ తికమక మీకు ఉండదు. రచయిత్రి ఎక్కడెక్కడ ఆధారాలు దాచారో చూసుకుంటూ చదవవచ్చు. అలాగని మరిదిగారిని వదిలిపెట్టమనడం లేదు. తొమ్మిదోది వచ్చినప్పుడు మొదట చదివే హక్కు మీదేనని ఇప్పుడే మాట తీసుకోండి.

ప్రశ్న: ఈ నవల మీద ఇంత రభస చూస్తుంటే మా నాన్నగారు వారపత్రికల నుంచి సీరియల్ పేజీలు చింపి కుట్టించిన పాత బైండు పుస్తకాలు గుర్తుకొచ్చాయి. ఒక సీరియల్‌లో ఒక వారం భాగం దొరకనట్టుంది, అక్కడ తెల్లకాగితం పెట్టి, పక్కింటివారిని అడిగి తెలుసుకున్న కథను ఊదా సిరాతో ఆరు పంక్తులలో రాసుకున్నారు. అంచులు కత్తిరించడంలో పంక్తుల చివరి అక్షరాలు కుట్టులోకి పోయాయి. వెనక పేజీల్లో తలనూనె ప్రకటనలు, సగం గళ్ళనుడి ఉన్నాయి. ఆ రోజుల్లో పాఠకులు ఇప్పటిలా తగవులాడుకునేవారా? వీటిని ఏం చేయమంటారు? (చీరాల)

జవాబు: తగవులాడుకోకేం, బ్రహ్మాండంగా ఆడుకునేవారు. కాకపోతే ఆ తగవు మీ నాన్నగారి బైండులో దొరకదు. సీరియల్ పేజీలు చింపుకున్నవారు పత్రికలో మిగిలినదంతా పాత కాగితాలవాడికి వేసేవారు, పాఠకుల ఉత్తరాల పేజీ కూడా దానితోపాటే పోయేది. కథ ఇళ్ళలో మిగిలింది, దాని మీద జనం ఏమనుకున్నారో మిగలలేదు. నాయికకు ఎవరితో పెళ్ళి చేయాలో చెబుతూ, విలన్‌ను ఇంకా ఎన్నాళ్ళు మేపుతారని నిలదీస్తూ రాసిన ఉత్తరాలను చూడాలంటే సంచికలను చింపకుండా దాచినచోటికి వెళ్ళాలి. అది మీకు కూతవేటు దూరంలోనే ఉంది. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికల సంపుటాలకు పేరుపడ్డ గ్రంథాలయం.

బైండుల విషయానికొస్తే, వాటిని విప్పి మళ్ళీ కుట్టించవద్దు. నాసిరకం కాగితం కనుక మడత దగ్గరే విరుగుతుంది. జిరాక్సు యంత్రం మీద బోర్లా నొక్కకుండా, సగం మాత్రమే తెరిచి పగటి వెలుతురులో ఫొటోలు తీయించండి. లామినేషన్ చేయిస్తామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. ఊదా సిరా కాగితాన్ని ఉన్నచోటే ఉంచండి, ఆ వారం అసలు భాగం దొరికినా సరే. వెనక పేజీల ప్రకటనలను బట్టి ఏ పత్రికో, ఏ ఏడాదో పోల్చుకోవడం కష్టం కాదు. ఆ ఏడాది సంపుటాన్ని వేటపాలెంలో అడిగి తీసుకుని, సీరియల్ ముగిసిన వారం నుంచి తరువాతి నాలుగైదు సంచికల వరకు ఉత్తరాల పేజీలు చూడండి. మీకు కనబడినవాటిలో ఘాటైనవి ఒకటి రెండు నకలు రాసి పంపితే ఇక్కడే అచ్చు వేస్తాం.